పిల్లలతో అడవి బాటలో: మీ ప్రశ్నలు, నా జవాబులు

నగరాన్ని ఆనుకుని ఉండే రక్షిత అడవుల్లో కుటుంబమంతా కలిసి నడవడం గురించి పోయిన సంచికలో రాశాక ఉత్తరాలు బాగానే వచ్చాయి. సెలవు రోజుల్లో కుటుంబాలను అడవి బాటల్లో నడిపించే వాలంటీరుని కాబట్టి వీటిలో చాలా ప్రశ్నలు గేటు దగ్గర నేను వినేవే. కొన్ని మాత్రం కొత్తవి. ఒకేలా ఉన్నవాటిని కలిపేశాను, పేర్లు తీసేశాను. కొందరికి నా జవాబు నచ్చకపోవచ్చు, ముఖ్యంగా కుక్క గురించి అడిగిన అబ్బాయికి.

మాకు నాలుగేళ్ల పాప, తొమ్మిదేళ్ల బాబు. మా దగ్గరి అడవిలో ఎనిమిది కిలోమీటర్ల చుట్టుబాట ఉంది. గేటు దగ్గర బోర్డు మీద "రెండున్నర గంటలు" అని రాశారు. పిల్లలు ఉన్నారు కాబట్టి మూడు గంటలు అనుకుంటే సరిపోతుందా? మా ఆయన సరిపోతుందంటున్నారు.
– ఇద్దరు పిల్లల తల్లి

సరిపోదమ్మా. మీ ఆయనది పెద్దవాళ్ల లెక్క.

ఇలాంటి సమయాలు ఎలా వేస్తారో చెబుతాను. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు ఒక సూత్రం చెప్పాడు. సుమారు ఐదు కిలోమీటర్ల నడకకు ఒక గంట, పైకి ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట. నడక సమయం అంచనా వేయడానికి ఇప్పటికీ చాలామంది ఈ లెక్కతోనే మొదలుపెడతారు. ఒంట్లో సత్తువ ఉండి, ఆగకుండా నడిచే మనిషికి అది బాగానే పనిచేస్తుంది. అందులో నీళ్లు తాగడానికి ఆగే సమయం లేదు. చీమల బారు ఎక్కడికి పోతోందో చూడటానికి చతికిలబడే సమయం అసలే లేదు.

నాలుగేళ్ల పాప అడవి దారిలో గంటకు ఒకటిన్నర కిలోమీటర్లు నడుస్తుంది, మహా అయితే రెండు. ఆ లెక్కన మీ ఎనిమిది కిలోమీటర్లకు నాలుగు గంటల నుంచి ఐదున్నర గంటలు. అదీ పాప చివరిదాకా అదే వేగంతో నడిస్తేనే. నడవదు. సగం దూరం దాటాక మీ ఆయన భుజాల మీద ఉంటుంది.

నా సలహా ఏమిటంటే, మొదటిసారికి చుట్టుబాటే వద్దు. వెళ్లిన దారినే తిరిగి వచ్చే బాట పట్టండి. చుట్టుబాటలో సగం దూరం వెళ్లాక పాప మొరాయించిందంటే ముందుకెళ్లినా వెనక్కెళ్లినా ఒకటే దూరం. వెళ్లి వచ్చే బాటలో అయితే ఏ క్షణాన వెనక్కి తిరిగినా, తెలిసిన దారే, ఇందాక నడిచినంత దూరమే. మొత్తం రెండు మూడు కిలోమీటర్లు చాలు. దారిలో వాగో, పెద్ద బండో, పడిపోయిన మానో ఏదో ఒకటి ఉండేలా చూసుకోండి. పిల్లలకు దృశ్యాలు అక్కర్లేదు. కొండ మీంచి కనిపించే లోయ కంటే బురదలో కనిపించే కాలి గుర్తే వాళ్లకు గొప్ప.

బయల్దేరేముందే వెనక్కి తిరిగే సమయం పెట్టుకోండి. చోటు కాదు, సమయం. "పది గంటలు కొట్టగానే ఎక్కడున్నా వెనక్కి" అని ఇంటి దగ్గరే అందరూ ఒప్పుకోవాలి. దీనికి పిల్లలు తేలిగ్గానే ఒప్పుకుంటారు, ఇబ్బందంతా పెద్దవాళ్లతోనే. ఇంత దూరం వచ్చాం, ఆ మలుపు దాకా చూసి వెళ్దాం అంటారు. ఆ మలుపు తర్వాత ఇంకో మలుపు ఉంటుంది. తిరుగు నడకకు వచ్చినదానికంటే ఎక్కువ సమయం పట్టినా సరిపోయేలా ఆ గంట పెట్టుకోవాలి. చెట్ల గుబురు కింద చీకటి మనం అనుకున్నదానికంటే ముందే పడుతుంది కూడా.

ఇంకో మాట, కాస్త కటువుగానే చెబుతాను. "అదిగో వచ్చేసింది, ఇంకో ఐదు నిమిషాలే" అని పిల్లలకు అబద్ధం చెప్పకండి. బాటల మీద నేను ఎక్కువసార్లు వినే అబద్ధం ఇదే. రెండోసారి అది చెప్పేసరికి పిల్లలు మీ మాట నమ్మడం మానేస్తారు, మూడోసారికి దారి మధ్యలో కూర్చుంటారు. దాని బదులు "ఆ వంగిన చెట్టు దాకా నడుద్దాం, అక్కడ ఆగి నీళ్లు తాగుదాం" అనండి. కనిపించే గురి పెట్టాలి, అక్కడికి చేరగానే చెప్పినట్టు నిజంగా ఆగాలి.

మీ బాబుకి మ్యాప్ ఇవ్వండి. తొమ్మిదేళ్లవాడికి బాధ్యత ఇస్తే కాళ్లు వాటంతటవే కదులుతాయి. ఒక్కటే షరతు, దారి చీలిన ప్రతిచోటా ఆగి మిగతావాళ్లు వచ్చేదాకా ఉండాలి. పాప మధ్యలో, మీ ఇద్దరిలో ఒకరు అందరికంటే వెనక. వెనక ఉన్నవాళ్లు ముందుకు దాటి రాకూడదు, ఏం జరిగినా సరే.

మా బాబుకి ఎనిమిది నెలలు. వీపు మీద మోసే క్యారియర్ కొన్నాం. అడవి బాటలో తీసుకెళ్లొచ్చా?
– కొత్తగా తండ్రయినవాడిని

తల నిలిపి, ఆసరా లేకుండా కూర్చోగలుగుతుంటే తీసుకెళ్లొచ్చు. సాధారణంగా ఆరు నెలలు దాటాక ఇది వస్తుంది. అనుమానం ఉంటే మీ పిల్లల డాక్టర్ని ఒక్కమాట అడగండి. క్యారియర్‌తో ముందు ఇంటి చుట్టుపక్కల ఒక గంట తిరిగి చూడండి. భుజాల పట్టీ ఎక్కడ కోస్తుందో అడవిలో తెలిస్తే లాభం లేదు.

చాలామంది మరిచిపోయేది ఒకటుంది. మీరు నడుస్తున్నారు, బాబు నడవడం లేదు. మీకు చెమటలు పడుతున్నప్పుడు కూడా చలిగాలిలో వాడికి చలేస్తుండొచ్చు. ఎండాకాలంలో ఇది తిరగబడుతుంది, మీ వీపు వేడి కూడా వాడికే తగులుతుంది. అందుకని అరగంటకోసారి దింపి, మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి. చేతులు, పాదాలు చూసి లాభం లేదు, అవి ఊరికే చల్లబడతాయి. కాళ్లు వేలాడుతూ ఉంటాయి కాబట్టి దింపినప్పుడు కాసేపు ఆడించనివ్వండి.

కొమ్మల సంగతి కూడా చూసుకోవాలి. వాడి తల మీ తల కంటే ఎత్తులో ఉంటుంది. మీకు తగలకుండా వంగితే చాలదు, వాడికి తగలకుండా వంగాలి. నడుము దగ్గర వంగితే వాడు ముందుకు జారతాడు, మోకాళ్లు వంచి కిందికి దిగండి. వాగులు దాటే బాటలు, తడి బండలు ఉన్న బాటలు ఈ ఏడాదికి వదిలేయండి.

అడవికి వెళ్దామంటే మా అత్తగారు పాముల పేరెత్తి ఆపేస్తున్నారు. తేనెటీగలు, జలగలు, పిడుదులు అని ఇంకా చాలా చెప్పారు. ఆవిడ భయంలో నిజం ఎంత?
– కోడలు

మీ అత్తగారు చెప్పినవన్నీ అడవిలో ఉండొచ్చు. అవి ఉన్నాయనే కదా దాన్ని రక్షిత అడవి అన్నారు. భయపడి మానేయడం, ఏం కాదని చెప్పులేసుకుని పొదల్లోకి దూరడం, రెండూ తప్పే.

పాము మనల్ని వెతుక్కుంటూ రాదు. మనం తొక్కితేనో, పట్టుకోబోతేనో, చూడకుండా చెయ్యి పెడితేనో కాటేస్తుంది. కాబట్టి పిల్లలకు నేను నేర్పే మొదటి నియమం, కంటికి కనిపించని చోట చెయ్యి గానీ కాలు గానీ పెట్టకూడదు. అడ్డంగా పడిన మాను వస్తే ఒక్క అంగలో దాటకుండా దాని మీద కాలు పెట్టి, అవతల ఏముందో చూసి దిగాలి. రాళ్ల సందుల్లో వేళ్లు పెట్టకూడదు, ఎండుటాకుల కుప్పల్లో ఆడకూడదు. చీలమండ కప్పే బూట్లు, పొడవు ప్యాంటు వేసుకోవాలి. పాములు నేల అదురును బాగా పసిగడతాయి, గుంపుగా నడుస్తుంటే చాలాసార్లు అవే తప్పుకుంటాయి.

ఒకవేళ కాటేస్తే చేయాల్సింది తక్కువే, చేయకూడనివి ఎక్కువ. కోయకూడదు, నోటితో పీల్చకూడదు, రక్తం ఆగిపోయేలా తాడు బిగించకూడదు, మంచుగడ్డ పెట్టకూడదు. పామును పట్టుకోవడానికీ చంపడానికీ వెళ్లకూడదు. ఉంగరాలు, పట్టీలు, గడియారం వెంటనే తీసేయాలి, వాపు వచ్చాక రావు. కాటు పడిన కాలికో చేతికో బద్ద కట్టి కదలకుండా ఉంచి, మనిషిని నడిపించకుండా మోసుకుని, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మీ అడవికి దగ్గర్లో అలాంటి ఆసుపత్రి ఏదో వెళ్లేముందే కనుక్కుని ఆ నంబరు ఫోన్లో పెట్టుకోండి. ఈ ఒక్క పని చేస్తే మీ అత్తగారి టెన్షన్ సగం తగ్గుతుంది.

నన్నడిగితే పాము కంటే తేనెటీగల విషయంలోనే ఎక్కువ జాగ్రత్తగా ఉండమంటాను. ఒక తేనెటీగ కుట్టినప్పుడు గానీ, దాన్ని నలిపినప్పుడు గానీ వచ్చే వాసన మిగతావాటిని రెచ్చగొడుతుంది. చేతులు ఊపి కొట్టబోతే పరిస్థితి ఇంకా పాడవుతుంది. తుట్టె కనిపిస్తే దూరంగా, మాటలు ఆపి దాటేయండి. రాయి విసరబోయే పిల్లవాడు మీ గుంపులోనే ఉంటాడు, వాడి మీద ఓ కన్నేసి ఉంచండి. ఘాటైన సెంట్లు ఆ రోజుకి వద్దు. ఈగలు లేస్తే ముఖం కప్పుకుని తిన్నగా పరిగెత్తడమే, ఏదైనా గదిలోకో వాహనంలోకో దూరేదాకా. నీళ్లలోకి దూకితే లాభం లేదు, తల పైకెత్తేదాకా అవి అక్కడే తిరుగుతుంటాయి. కుట్టిన ముల్లును ఎంత త్వరగా తీస్తే అంత మంచిది, గోరుతో గీకి తీసినా పర్వాలేదు. ఊపిరి అందకపోవడం, పెదాలు వాచడం, ఒళ్లంతా దద్దుర్లు లాంటివి కనిపిస్తే మాత్రం తక్షణం ఆసుపత్రికి.

పిడుదులు చిన్నవే కానీ కొన్ని ప్రాంతాల్లో జబ్బులు మోసుకొస్తాయి. లేత రంగు బట్టలు వేస్తే పాకేవి కనిపిస్తాయి. ప్యాంటు అంచు సాక్సులోకి దోపండి. ఇంటికి రాగానే పిల్లల చెవుల వెనక, జుట్టు మొదళ్లలో, చంకల్లో, మోకాళ్ల వెనక, నడుము దగ్గర వెతకండి. పట్టుకుని ఉంటే సన్నమొన ట్వీజర్స్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా నిదానంగా పైకి లాగండి. అగ్గిపుల్ల కాల్చి పెట్టడం, నూనె రాయడం వద్దు. తర్వాతి వారాల్లో జ్వరం గానీ దద్దురు గానీ వస్తే పిడుదు పట్టిన సంగతి డాక్టర్‌కి చెప్పండి.

పురుగులు రాకుండా రాసే క్రీములు వాడొచ్చు. డీట్ (DEET) అనే పురుగుల మందు ఉన్నవి రెండు నెలల లోపు పసివాళ్లకూ, లెమన్ యూకలిప్టస్ నూనెతో చేసినవి మూడేళ్ల లోపు పిల్లలకూ వాడకూడదు. చిన్న పిల్లల చేతులకు రాయొద్దు, అవి నోట్లోకే వెళ్తాయి. సన్‌స్క్రీన్ కూడా రాసేటట్టయితే ముందు అది, దాని మీద ఇది. ఇక జలగ వల్ల హాని దాదాపు లేదు, అసహ్యం తప్ప. గోరుతో అంచు కింద నెట్టి తీసి, శుభ్రంగా కడిగేయండి.

మా ఏడేళ్లవాడు క్షణం ఆగడు. పార్కులోనే రెండుసార్లు కనబడకుండా పోయాడు. అడవిలో తప్పిపోతే ఎలా? ఈ ఒక్క భయంతోనే వెళ్లడం లేదు.
– ఒక తల్లి

మీ భయం సరైనదే, దానికి తగ్గ పని కూడా ఉంది. 1981లో అమెరికాలోని శాన్ డియాగో ప్రాంతంలో తొమ్మిదేళ్ల బాబు కుటుంబంతో వచ్చి కొండ అడవిలో తప్పిపోయాడు. వందలమంది వెతికారు కానీ ప్రాణాలతో దొరకలేదు. ఆ తర్వాత, వెతకడానికి వెళ్లినవాళ్లే పిల్లలకు నేర్పడానికి ఒక పాఠం తయారుచేశారు. అందులో ముఖ్యమైన మాట ఒక్కటే. దారి తప్పామని తెలియగానే దగ్గర్లోని చెట్టును పట్టుకుని అక్కడే ఉండాలి.

ఇది వినడానికి తేలిక, చేయడానికి కష్టం. తప్పిపోయిన పిల్లలు అమ్మను వెతుక్కుంటూ నడుస్తారు. నడిచేకొద్దీ వెతకాల్సిన చోటు పెరిగిపోతుంది. కదలకుండా ఉన్న పిల్లవాడు చాలావరకు చివరిసారి కనిపించిన చోటికి దగ్గర్లోనే ఉంటాడు. అందుకే ఈ విషయాన్ని ఇంట్లో ఆటగా ఆడించండి. "దారి తెలియడం లేదు" అనగానే స్తంభాన్నో తలుపునో పట్టుకుని ఆగిపోవాలి, మీరే వచ్చి కనుక్కోవాలి. నాలుగైదు రోజులు ఆడితే ఒంటికి పట్టేస్తుంది.

మెడలో ఒక విజిల్ వేయండి. మూడుసార్లు ఊదడం, ఆగడం, మళ్లీ మూడుసార్లు. ప్రపంచంలో చాలాచోట్ల మూడు అంటే సాయం కావాలని అర్థం. గొంతు కాసేపటికే బొంగురుపోతుంది, విజిల్‌కి ఆ బాధ లేదు. మామూలుగా ఊదితే తీసేసుకుంటానని ముందే చెప్పండి, లేకపోతే ఆ రోజంతా మీకు తలనొప్పే.

తప్పిపోయినవాళ్లను వెతికే బృందాల అనుభవంలో తేలిన ఇంకో సంగతి తల్లిదండ్రులు తప్పకుండా వినాలి. తప్పిపోయిన పిల్లలు కొందరు వెతికేవాళ్ల కేకలు విని కూడా పలకరు. కొత్తవాళ్లతో మాట్లాడొద్దని మనమే నేర్పాం కదా. కొందరికి తిడతారన్న భయం. కాబట్టి బయల్దేరేముందు వాడికి స్పష్టంగా చెప్పండి, తప్పిపోయినందుకు ఎవరూ తిట్టరని, పేరు పెట్టి పిలిచేవాళ్లకు పలకాలని. చెప్పాక ఆ మాట మీద నిలబడండి కూడా.

ఆ రోజు పొద్దున గేటు దగ్గర వాడి ఫొటో ఒకటి తీయండి, తల నుంచి బూట్ల దాకా. ఏ రంగు చొక్కా అని అడిగితే కంగారులో గుర్తురాదు. బూటు అడుగు భాగం కూడా ఒక ఫొటో తీస్తే అడుగుజాడలు పోల్చుకోవచ్చు. నారింజ, పసుపు లాంటి రంగులు వేయండి. ఆకుపచ్చ, గోధుమరంగు చొక్కాలు అడవిలో కలిసిపోతాయి. మీ ఫోన్ నంబరు రాసిన కాగితం వాడి జేబులో పెట్టండి. ఎంత పిలిచినా పలకకపోతే ఇంకాసేపు చూద్దాం అనుకోకుండా అటవీ సిబ్బందికి వెంటనే చెప్పండి. చిన్న విషయానికి గోల చేశారని ఎవరూ అనుకోరు.

నాకు పదహారేళ్లు. మా దగ్గరి అడవిలోకి కుక్కను రానివ్వరు, బ్లూటూత్ స్పీకర్ వద్దంటారు, బాట దిగొద్దంటారు. నగరం పక్కనే ఉన్న అడవికి ఇన్ని రూల్స్ ఎందుకు? మా కుక్క గొలుసుతోనే ఉంటుంది, ఎవరినీ కరవదు.
– విసిగిపోయిన విద్యార్థి

ప్రశ్న బాగుంది. చిరాకు పడకుండా చదువు.

మీ కుక్క మంచిదే అయి ఉంటుంది, కరవకపోవచ్చు కూడా. కానీ దానికి తెలియకుండా అది మోసుకొచ్చేవి ఉంటాయి. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటి ప్రాంతంలో సింహాలకు, మామూలుగా కుక్కలకు వచ్చే కెనైన్ డిస్టెంపర్ అనే వైరస్ సోకింది. అక్కడి సింహాల్లో దాదాపు మూడో వంతు చచ్చిపోయాయి. చుట్టుపక్కల పెంపుడు కుక్కల నుంచే అది వచ్చి ఉంటుందని శాస్త్రవేత్తలు తేల్చారు. నీ కుక్కకు టీకాలన్నీ వేయించి ఉండొచ్చు, కానీ గేటు దగ్గర నిలబడ్డ మనిషి ప్రతి కుక్క కార్డూ చూడలేడు కదా. వైరస్ సంగతి అలా ఉంచు, కుక్క నడిచిన దారిలో దాని వాసన ఉండిపోతుంది. నేల మీద గూడు కట్టే పక్షికీ, జింకకీ అది తమను వేటాడే జంతువు వాసనే, గొలుసు ఉందో లేదో వాటికి తెలియదు.

స్పీకర్ సంగతి. పక్షులు పాడేది మన కోసం కాదు, జోడు కోసం, హద్దు చాటుకోవడానికి. 2003లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో గ్రేట్ టిట్ అనే చిన్న పిట్టల మీద చేసిన పరిశోధనలో, రొద ఎక్కువున్న చోట ఉండేవి ఇంకా సన్నని, హెచ్చు స్థాయి స్వరంలో పాడుతున్నాయని తేలింది. ట్రాఫిక్ మోత కింది స్థాయిలో ఉంటుంది కాబట్టి దాని పైనుంచి వినబడాలని వాటి ప్రయత్నం. నగరం పక్కన ఉండే పిట్టలు ఇప్పటికే అంత అవస్థ పడుతుంటే మధ్యలో నీ పాటలు ఎందుకు? ఇయర్‌ఫోన్స్ పెట్టుకో అని కూడా అనను, వెనక వచ్చే అడుగుల చప్పుడు వినబడదు.

బాట దిగొద్దనేది చూడటానికి చాదస్తంగా ఉంటుంది. ఒక్కడు దిగితే ఏమీ కాదు, నిజమే. కానీ నీ వెనక వచ్చేవాళ్లు నీ అడుగుల్లోనే అడుగులేస్తారు. గడ్డి చస్తుంది, మట్టి గట్టిపడుతుంది, వాన నీరు ఇంకకుండా ఆ గాడిలో పారి కోసేస్తుంది. సింగపూర్ నగరంలోనే బుకిట్ తిమా అనే చిన్న రక్షిత అడవి ఉంది. కొండ ఎత్తు 163 మీటర్లే, జనం మాత్రం విపరీతం. బాటలు, వాలులు దెబ్బతిని, వాటిని బాగుచేయడానికి 2014లో మూసి, 2016లో గానీ పూర్తిగా తెరవలేదు.

"నగరం పక్కనే కదా" అన్నావు. అసలు విషయం అదే. ఎవరూ రాని అడవికి బోర్డులు అక్కర్లేదు. బ్రెజిల్‌లో రియో నగరం ఒడిలో టిజూకా అడవి ఉంది. కాఫీ తోటల కోసం ఆ కొండల మీది చెట్లు కొట్టేస్తే నగరానికి నీళ్లకు కటకట వచ్చింది. 1861లో అక్కడి చక్రవర్తి ప్రభుత్వం మళ్లీ అడవి పెంచమని ఆదేశిస్తే ఏళ్ల తరబడి మొక్కలు నాటుతూ పోయారు. ఇవాళ జనం నడుస్తున్నది ఆ చెట్ల కిందే. నరికేశాక తిరిగి తెచ్చుకోవడం ఎంత పనో ఆ నగరానికి బాగా తెలుసు.

కుక్కను వదిలి రావడం నచ్చకపోతే, కుక్కలను రానిచ్చే పార్కులు వేరే ఉంటాయి. అక్కడికి తీసుకెళ్లు, అదీ ఆనందపడుతుంది.

నాకు అరవై ఎనిమిదేళ్లు. మోకాళ్ల నొప్పి ఉంది, ఎక్కడం కంటే దిగడమే కష్టం. మనవరాలు నన్ను కూడా అడవికి రమ్మంటోంది. నా వల్ల వాళ్ల సరదా పాడవుతుందేమో.
– ఒక తాతయ్య

అయ్యా, తప్పకుండా వెళ్లండి. నాలుగైదేళ్ల పిల్లలూ తాతయ్యలూ దాదాపు ఒకే వేగంతో నడుస్తారు. ఇద్దరికీ ప్రతిదాని దగ్గరా ఆగాలనిపిస్తుంది. మధ్యలో ఉన్న తల్లిదండ్రులకే తొందర.

దిగేటప్పుడు నొప్పి రావడానికి కారణం ఉంది. ఎక్కేటప్పుడు తొడ కండరం కుంచించుకుంటూ ఒంటిని లేపుతుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతూనే బరువును ఆపాలి. మోకాలి చిప్ప మీద ఒత్తిడి అప్పుడే ఎక్కువ. రెండు ట్రెక్కింగ్ కర్రలు పట్టుకుంటే ఆ భారంలో కొంత చేతుల మీదికి వస్తుంది. దిగేటప్పుడు కర్రలు కాస్త పొడవు పెంచుకుని, అడుగు వేసేముందు వాటిని ముందు ఆనించాలి. అడుగులు చిన్నవిగా, మోకాలు కొద్దిగా వంచి, వాలు మరీ ఎక్కువైతే తిన్నగా కాకుండా అటూ ఇటూ వంకరగా దిగండి. గుండె జబ్బు, బీపీ లాంటివి ఉంటే డాక్టర్‌ని అడిగే బయల్దేరండి, వేసుకునే మందులు మీ జేబులోనే ఉండాలి, కొడుకు బ్యాగులో కాదు.

అందరూ అంత దూరమూ కలిసే నడవాలని లేదు. కిలోమీటరు దాకా కలిసి వెళ్లి, నీడ, కూర్చోవడానికి చోటు ఉన్నచోట మీరు ఆగిపోవచ్చు, వాళ్లు ముందుకెళ్లి వస్తారు. ఎన్నింటికి వస్తారో ముందే చెప్పించుకోండి, మీతో కూడా ఒకరు ఉండాలి. కదలకుండా ఇరవై నిమిషాలు కూర్చున్నవాళ్లకు కనిపించినన్ని పక్షులు, గబగబా నడిచేవాళ్లకు ఎప్పుడూ కనిపించవు. మనవరాలు తిరిగొచ్చేసరికి చెప్పడానికి మీ దగ్గరే ఎక్కువ ఉంటుంది.

ఇక చిన్న ప్రశ్నలు, చిన్న జవాబులు

కొత్త బూట్లు కొనాలా? కొంటే నడకకు రెండు వారాల ముందు కొని ఇంట్లో తొడిగించండి. కొత్త బూట్లతో తిన్నగా అడవికి వస్తే బొబ్బలు ఖాయం. పట్టున్న అడుగు ఉంటే స్కూలు ఆటల బూట్లు కూడా పర్వాలేదు. నూలు సాక్సులు చెమట పట్టి రాపిడి పెంచుతాయి, తడి ఆరిపోయే రకం మేలు. ముందురోజు కాలిగోళ్లు కత్తిరించండి, దిగేటప్పుడు అవే బూటుకి గుద్దుకుంటాయి. మంటగా ఉందని పిల్లలు అనగానే ఆగి టేపు వేయండి, బొబ్బ వచ్చాక వేసేదేమీ లేదు.

ఎన్ని నీళ్లు మోయాలి? తొమ్మిది నుంచి పన్నెండేళ్ల పిల్లలు శ్రమ పడుతున్నప్పుడు ప్రతి ఇరవై నిమిషాలకు 100 నుంచి 250 మిల్లీలీటర్లు తాగాలని పిల్లల వైద్యులు చెబుతారు. దాహం వేసిందని చెప్పేదాకా ఆగొద్దు, ఆటలో పడితే చెప్పరు. వాళ్ల బాటిల్ వాళ్లనే మోయనివ్వండి, కానీ బ్యాగు మొత్తం బరువు ఒంటి బరువులో పదో వంతు దాటనివ్వొద్దు.

సిగ్నల్ లేకపోతే ఫోన్ ఎందుకు? మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ మీరెక్కడున్నారో చూపిస్తుంది. సిగ్నల్ కోసం వెతుకుతూ ఫోన్ చార్జింగ్ తినేస్తుంది కాబట్టి అక్కర్లేనప్పుడు ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్లడం మాత్రం ఏ ఫోనూ చేయలేని పని.

పండ్ల తొక్కలు మట్టిలో కలిసిపోతాయి కదా, పడేయొచ్చా? వద్దు. అరటి, నారింజ తొక్కలు కలవడానికి నెలలు పడుతుంది. ఈలోగా జంతువులు వాటికి అలవాటుపడి మనుషుల చేతుల్లోని సంచులు లాగడం నేర్చుకుంటాయి. ఆ తర్వాత శిక్ష పడేది జంతువుకే.

ఉరుము వినబడితే? గట్టు మీద, ఒంటరి చెట్టు కింద, నీటి పక్కన ఉండొద్దు. గేటు వైపు నడవండి, భవనంలోకో కారులోకో చేరండి. చివరి ఉరుము వినబడ్డాక అరగంట దాకా మళ్లీ బాట ఎక్కొద్దు. వాన పడ్డాక వాగులో నీరు రంగు మారి, పుల్లలు కొట్టుకొస్తుంటే చిన్న వాగే కదా అని దాటకండి.

పిల్లలకు అడవిలో అర్జంట్ అయితే? బయల్దేరేముందు గేటు దగ్గరే ఒకసారి పంపండి, సగం సమస్య పోతుంది. తప్పనిసరైతే నీటికీ బాటకీ కనీసం డెబ్బై అడుగులు వేసి దూరంగా వెళ్లి, జానెడు లోతు గొయ్యి తీసి, తర్వాత పూడ్చేయాలి. టిష్యూలు, తడి వైప్స్, డైపర్లు సంచిలో వెనక్కి రావాలి.

మా పాప ఈకలు, రాళ్లు జేబుల్లో నింపుకుంటుంది. తెచ్చుకోనివ్వొచ్చా? రక్షిత అడవుల్లో చాలాచోట్ల ఈక కూడా తీసుకెళ్లకూడదు, గేటు దగ్గర అడగండి. తీసుకోవద్దంటే ఏడుస్తుంది కాబట్టి ఒక నోటు పుస్తకం, పెన్సిలు ఇవ్వండి. ఆకును కాగితం కింద పెట్టి పెన్సిలుతో రుద్దితే ఈనెలతో సహా అచ్చు పడుతుంది. ఆకు అక్కడే ఉంటుంది, అచ్చు ఇంటికి వస్తుంది. వచ్చేసారి అదే ఆకు ఏ చెట్టుదో వెతకమనండి, ఇక ఆ రోజు నడకకు వెళ్దామని బతిమాలేది మీరు కాదు, పాపే.